ముందు నడిచే చీపురు

తొంభై ఒకటిలో అమలాపురం నుంచి ట్రంకుపెట్టెతో విశాఖపట్నంలో దిగాను. మల్కాపురంలో గది తీసుకుని, గ్యాస్ ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేరాను. మొదటి రోజు ఆవరణలోకి అడుగు పెట్టేసరికి ఒక బక్కపలచని మనిషి పొడుగాటి కర్రకి కట్టిన గడ్డి చీపురు ఛాతీ ఎత్తున ముందుకి చాచి, పైపుల వెంబడి ఆచితూచి అడుగులు వేస్తున్నాడు. కింద నేల మీద ఎండుటాకులు అలాగే పడి ఉన్నాయి.

"ఏంటయ్యా, నేలని వదిలేసి గాలిని ఊడుస్తున్నావు?" అన్నాను. బీయెస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసు పొగరు అప్పట్లో నాకు బాగానే ఉండేది.

అతను నవ్వలేదు. "సారు కొత్తోరా? ఈ గేసు మంట అగుపడదండి. ఎండలో అసలే అగుపడదు. వాసన నేదు, పొగ నేదు. దగ్గిరికెల్లినా సెగ తెల్దు. సీపురు అంటుకుంటే అక్కడ మంటున్నట్టు. అంటుకోపోతే మనం ఇంకో అడుగు ఎయ్యొచ్చు" అన్నాడు.

అతనే అప్పలసూరి. నిప్పు లేనిదే పొగ రాదని లోకం అంటుంది. మా ప్లాంటులో నిప్పు ఉన్నా పొగ రాదు. హైడ్రోజన్ మంట రంగులేనిదని నేను పుస్తకంలో చదివి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది అప్పలసూరి ఒంటికి తెలుసు. ఆ తేడా ఎంతో అర్థం కావడానికి నాకు మూడేళ్ళు పట్టింది, అదీ ఒక మనిషి ప్రాణం పోయాక.

అతనిది చీపురుపల్లి దగ్గర పల్లె. రెండెకరాల మెట్ట మీద నువ్వులూ చోళ్ళూ పండించే ఇల్లు. ఇంకేముంది, ప్లాంటులో అందరికీ వేళాకోళం దొరికింది. "చీపురుపల్లోడు చీపురు వదలడు" అనేవాళ్ళు. నేనూ అన్నాను. అతను మాత్రం ఏ షిఫ్టు ఎక్కినా ముందు చీపురు పట్టుకుని లైనంతా నడిచేవాడు, ఆ తర్వాతే టీ తాగేవాడు. తన అక్క అసిరమ్మ మొగుడు పైడయ్యని ప్లాంటులో పనికి పెట్టించిందీ అతనే. బావకి మొదటి రోజు నేర్పింది వాల్వు తిప్పడం కాదు, చీపురు పట్టుకోవడం.

మా పని చెప్పుకోడానికి చిన్నదే. నీళ్ళలో కాస్త కాస్టిక్ పొటాష్ కలిపి కరెంటు పంపిస్తే నీళ్ళు రెండుగా విడిపోతాయి. ఒక పక్క ఆక్సిజన్, ఒక పక్క హైడ్రోజన్. ఆ హైడ్రోజన్‌ని ఎర్రటి సిలిండర్లలో కుక్కి వనస్పతి ఫ్యాక్టరీలకి పంపుతాం. నా మట్టుకు అది జీతమిచ్చే ఉద్యోగం. అప్పలసూరికి అంతకంటే ఎక్కువ. అతను ఆ గ్యాసుని నమ్మాడు.

ఒక ఆదివారం అక్క కూతురు చంద్రికని ప్లాంటుకి తీసుకొచ్చాడు. దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. గ్యాసు పరీక్ష చేసే గదిలో చిన్న బర్నరు ఉండేది. కుండలోంచి చల్లటి నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి, ఆ గ్లాసు అడుగుని మంట మీద కాసేపు పట్టుకున్నాడు. మంట కనబడదు కనుక పిల్లకి అది ఉత్త గాలి మీద గ్లాసు పట్టుకున్నట్టే ఉంది. గ్లాసు అడుగున సన్నటి చెమట పట్టింది. అది బొట్టుగా కట్టి కిందికి జారింది.

"సూసినావా? నీల్లని ఇడగ్గొట్టి గేసు తీసినాం. గేసుని కాలిస్తే మల్లీ నీల్లే. మసి నేదు, కంపు నేదు."

చంద్రిక కిటికీలోంచి రోడ్డు మీద పొగ కక్కుతూ పోతున్న లారీని చూసింది. మల్కాపురంలో ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగే రోజులవి. "మరైతే లారీల్లో ఇది పొయ్యొచ్చు కదా మావయ్యా?"

"పొయ్యొచ్చు. ముందు ఇది కదుపు" అని ఎర్ర సిలిండర్ చూపించాడు. పిల్ల రెండు చేతులా పట్టి తోసినా అది కదల్లేదు. "యాబై అయిదు కేజీల ఇనుము. లోపలున్న గేసు అరకేజీ. గోరంత గేసుకి కొండంత ఇనుము. ఇదొకటి. నీల్లని ఇడగ్గొట్టడానికి కరెంటు కావాల, ఆ కరెంటు బొగ్గు కాలిస్తే వస్తంది. ఇక్కడ పొగ నేదని మనం మురిస్తే అక్కడ వస్తంది. ఇది ఇంకోటి. పెద్ద సదువులు సదివినోలు సూడాల."

ఏడో తరగతితో ఆపేసిన మనిషి చెప్పిన ఈ రెండు మాటలూ తర్వాత పెద్ద పెద్ద సభల్లో కోట్లు వేసుకున్నవాళ్ళ నోట కూడా విన్నాను. ఇంత సూటిగా మాత్రం వినలేదు.

తొంభై నాలుగు దసరా. ఆయుధపూజ రోజు ప్లాంటు ఆపేసి, స్పానర్లూ గేజీలూ తుడిచి, గోనెపట్టా మీద వరసగా పేర్చి, పసుపు కుంకుమలు పెడతారు. కర్పూరం మాత్రం గేటు బయటే వెలిగిస్తారు. బొట్టు పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దుటిదాకా ఎవరూ ముట్టుకోరు. ఆ రోజు దానికి విశ్రాంతి.

ఆ ఏడు అప్పలసూరి కొత్త చీపురు కట్టి తెచ్చి పనిముట్ల మధ్య నిలబెట్టాడు. మేనేజరు ముఖం చిట్లించాడు. "అమ్మవారి ముందు చీపురేంటయ్యా, తియ్!"

"తియ్యనండి" అన్నాడు అప్పలసూరి. గట్టిగా మాట్లాడని మనిషి ఆ రోజు గొంతు పెంచాడు. "స్పానరు బోల్టుని కాస్తాది. ఇది మనల్ని కాస్తాది. దీనికి నేని బొట్టు దేనికెడతారు?" మేనేజరు ఏమనుకున్నాడో సరేనన్నాడు. అప్పలసూరి చీపురు కర్రకి పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టాడు. అరిగిపోయిన పాత చీపుర్ని పూజకి ముందు ప్లాంటు శుభ్రం చేస్తూ తనే బయట పారేశాడు. "రేపు పొద్దున్న దాకా దీన్ని ఎవులూ ముట్టకండి" అని అందరికీ చెప్పాడు కూడా.

ప్లాంటు ఆపినా పైపుల్లో ఒత్తిడి ఉంటుంది. పదకొండున్నరకి ప్రసాదం పంచుతుండగా ఆ ఒత్తిడి చూపే గేజీ ముల్లు కిందికి జారడం చూశాను. ఎక్కడో లీకు ఉందన్నమాట. షెడ్డు వెనక వాల్వు చూసి రమ్మని పైడయ్యకి చెప్పాను. పండగ కనుక అతను కొత్త నీలం టెర్లిన్ చొక్కా వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"సారూ, సీపురు పూజలో ఉంది. తియ్యమంటారేటి?"

నా చేతిలో పులిహోర పొట్లం ఉంది. "పూజలో పెట్టింది తియ్యకు, అసలే మేనేజరుగారు చిరాగ్గా ఉన్నారు. రెండు నిమిషాల పని, చూసి వచ్చెయ్" అన్నాను. ఆ మాట విన్నది అతనొక్కడే.

షెడ్డు మలుపు దగ్గర పైడయ్య రెండు చేతులూ పైకెత్తాడు. ఎవరినో పిలుస్తున్నాడనుకున్నాను. మంట కనబడలేదు. నీలం చొక్కా నల్లబడి ముడుచుకుపోవడం మాత్రం కనబడింది. తర్వాత అరుపు వినబడింది. దాని గురించి రాయలేను. అప్పలసూరి తడిగోనెలు పట్టుకుని పరిగెత్తాడు. బావని దొర్లించి, చుట్టూ తిరిగి వెళ్ళి వాల్వు కట్టేశాడు. అతని ఎడం చేయి మోచేతి దాకా కాలింది.

పైడయ్య మూడు రోజులు బతికాడు. మూడో రోజు ఆసుపత్రి మెట్ల మీద కట్టు చేత్తో కూర్చుని అప్పలసూరి నాతో అన్నాడు: "నా బొట్టు సంపేసింది సారు. ముట్టొద్దని నాను సెప్పినానని ముట్టలేదు. మా అక్క బొట్టు తీసేసింది నానే."

"కాదయ్యా, తియ్యనా అని నన్ను అడిగాడు, నేనే వద్దన్నాను" అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ పక్క మెట్టు మీదే కూర్చుని ఉన్నాను. ఉద్యోగం పోతుందని భయం వేసింది. నోరు కదల్లేదు. అంతటితో ఆగితే కొంత నయం. కంపెనీ అడిగిన రిపోర్టులో "కార్మికుడు నిబంధన ప్రకారం చీపురు తీసుకువెళ్ళలేదు" అని నా చేత్తో నేనే రాశాను. ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నా జన్మలో ఇంకెప్పుడూ రాయలేదు. దాన్ని సరిదిద్దడానికి పదకొండేళ్ళు పట్టింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ప్లాంటంతా బోర్డులు వేలాడదీశారు. కాలిన చేతులు మావి కావు, అందుకే అంత తీరిగ్గా పట్టుకున్నాం. అసిరమ్మకి ప్లాంటులోనే ఊడ్చే పని ఇచ్చారు. లైను మీద నడిచే చీపుర్లు కూడా అప్పట్నుంచి ఆవిడే కట్టేది. పాడేరు సంత నుంచి వచ్చిన కొండగడ్డిని ఏరి, తడి లేకుండా ఎండబెట్టి, కర్రకి బిగించి తెచ్చేది. తడి గడ్డి త్వరగా అంటుకోదని, అంటుకోని చీపురు మనిషిని మోసం చేస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అప్పలసూరి మాత్రం మారిపోయాడు. దసరా రోజు అందరూ పూజ దగ్గర ఉంటే, తను చీపురు పట్టుకుని లైను దగ్గర ఒంటరిగా నిలబడేవాడు. బొట్టు పెట్టించుకోడు, ప్రసాదం తినడు. అక్క కట్టిన చీపురే రోజూ పట్టుకుని నడుస్తూ, ఆ అక్క కళ్ళలోకి చూసి మాట్లాడ్డం మానేశాడు. చంద్రిక ఫీజులూ పుస్తకాలూ తనే చూసుకున్నాడు. పెళ్ళి ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

రెండువేల నాలుగు చివర్లో చంద్రిక ఇంజనీరింగు ఆఖరి ఏడులోకి వచ్చింది. పాత ఆటో ఇంజన్ని హైడ్రోజన్‌తో నడపాలని ప్రాజెక్టు ఎంచుకుంది. చిన్నప్పుడు స్టీలు గ్లాసు అడుగున పట్టిన చెమట ఆ పిల్ల బుర్రలోంచి ఎప్పుడూ ఆరలేదన్నమాట. మా ప్లాంటు గ్యాసు ఇవ్వడానికి ఒప్పుకుంది. సిలిండర్ పట్టుకోవడం, నింపడం, లీకు చూడడం మావయ్య దగ్గర నేర్చుకోవాలని ఆశపడింది. ఆ పని మీదే ప్రమాదాల కాగితాలు చూస్తానని నా దగ్గరికి వచ్చింది. నేను ఇచ్చిన ఫైల్లో నేను రాసిన వాక్యం చదివింది.

"సార్, మా నాన్న అజాగ్రత్త మనిషి కాదు. నాకు పెన్సిల్ చెక్కడం కూడా బ్లేడు ఎటు తిప్పాలో చెప్పి నేర్పారు. చీపురు లేకుండా ఎందుకు వెళ్ళారు?"

"నాకు తెలియదమ్మా" అన్నాను.

ఆ పిల్ల ఇంటికి వెళ్ళి తల్లిని అడిగింది. అసిరమ్మ ఒకటే మాట అందట: "మీ మావ వచ్చి ఆ రోజు ఏటి జరిగిందో తన నోటితో సెప్పాల. సెప్తే నువ్వు గేసు ముట్టు. సెప్పకపోతే నా కంటంలో పానముండగా నిన్ను ఆ గేటు దాటనివ్వను."

చంద్రిక చదువంతా ఇప్పుడు ఒక మనిషి నోటి మీద ఆగింది. అప్పలసూరి వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. సెలవు రోజు నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మీరూ రండి సారు. మీరు పక్కనుంటే నాకు నోరొస్తది."

నేను పక్కనుంటే అతనికి నోరు వస్తుందట! సిగ్గేసింది. అయినా వెళ్ళాను.

అసిరమ్మ అరుగు మీద కూర్చుని చీపురు కడుతోంది. చంద్రిక గోడకి ఆనుకుని ఉంది. అప్పలసూరి అక్కకి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"అక్కా, ఆ రోజు సీపురికి బొట్టెట్టింది నాను. పాతది పారేసింది నాను. ఎవులూ ముట్టొద్దని సెప్పింది నాను. బావ నా మాట దాటలేక ఉత్త సేతుల్తో ఎల్లినాడు. బావది తప్పు నేదు. నాదే."

అసిరమ్మ చేతులు ఆగలేదు. తాడు మరో రెండు చుట్లు తిప్పి, పళ్ళతో బిగించి ముడేసింది.

"తెలుసురా. ఆసుపత్రిలో మాటున్నప్పుడే మీ బావ అంతా సెప్పినాడు." తలెత్తి నా వైపు చూసింది. "అంతా సెప్పినాడు."

నేను చేతిలోని టీ గ్లాసులోకి చూపు దించాను.

"సూరిగాడికి తెలినివ్వకు, ఆడు బతకడు అన్నాడు. నాను ఊరుకున్నాను. కానీ నువ్వే వచ్చి సెప్తావని సూసినానురా. పది దసరాలు సూసినాను. మొగుడు ఎలిపోనాడు, అది నా రాత. తోడబుట్టినోడు ఎదురుగా ఉండి మాటాడ్డం మానేసినాడు. దానికేటి సెయ్యాల నాను?"

అప్పలసూరి కాలిన ఎడం చేత్తో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అసిరమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. "ఊరుకో. పిల్లకి పని నేర్పు. దాని బాబు సేతిలో నేని సీపురు దాని సేతిలో ఉండాల" అంది.

ఆవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. అడగలేదు కనుక టీ తాగేసి వచ్చేశాను. నా పిరికితనానికి అంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ మూడు నెలలూ మామా మేనకోడళ్ళు ఆటో చుట్టూ తిరిగారు. మొదట్లో ఇంజను స్టార్టు చేస్తే ఫట్‌మని వెనక్కి పేలేది. హైడ్రోజన్‌కి ఓపిక లేదు, ఇంజను సిద్ధం కాకముందే అంటుకుంటుంది. చంద్రిక లెక్కలు వేసి గ్యాసు వెళ్ళే సమయం మార్చింది, అప్పలసూరి చెవి పెట్టి విని సన్నపాటి తేడాలు చెప్పేవాడు. మార్చిలో కాలేజీ మైదానంలో ఆటో కదిలింది. ప్రయాణికులు కూర్చునే చోట ఎర్ర సిలిండర్ దర్జాగా కూర్చుంది. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన అది చూసి, "బండి బాగుందమ్మా. మరి మనుషులెక్కడ కూర్చోవాలి?" అని నవ్వాడు.

"దానికే ఇంకా చదవాలి సార్. ఆ కరెంటు బొగ్గు లేకుండా ఎలా తెచ్చుకోవాలో దానికి కూడా" అంది చంద్రిక.

ఆటో ఏడు చుట్లు తిరిగి ఆగింది. అప్పలసూరి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం కింద అరచెయ్యి పెట్టాడు. రెండు మూడు బొట్లు పడ్డాయి. తీర్థంలా కళ్ళకద్దుకుని, చూడ్డానికి వచ్చిన అక్క చెయ్యి ఆ తడి చేత్తో పట్టుకున్నాడు.

అదే ఏడు దసరా వచ్చింది. అప్పటికి నేనే మేనేజర్ని. అసిరమ్మ ఆ రోజు రెండు చీపుర్లు కట్టి తెచ్చింది. ఒకదానికి తనే పసుపు రాసి, తమ్ముడి చేత బొట్టు పెట్టించి పనిముట్ల మధ్య నిలబెట్టింది. "ఇది పూజకి" అంది. అప్పలసూరి రెండోదాని కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. జనంలోంచి నడిచి వచ్చి నా ముందు ఆగింది.

"బాబూ, ఈయేల మీరు నడండి."

నలుగురూ నవ్వారు, మేనేజరు చేత చీపురు పట్టిస్తోందని. పద్నాలుగేళ్ళలో నేను ఒక్కసారైనా ఆ చీపురు పట్టుకోలేదని అప్పుడే తట్టింది. ఎప్పుడూ ఎవర్నో పంపడమే. కర్ర అందుకున్నాను. అది చేతికి తగలగానే ఇన్నాళ్ళూ దాచింది బయటికి వచ్చేసింది.

"అసిరమ్మా, ఆ రోజు పైడయ్య నన్ను అడిగాడు. చీపురు తియ్యనా అని అడిగాడు. నేనే వద్దన్నాను."

అప్పలసూరి నా దగ్గరికి వచ్చాడు. "అడిగినాడా? బావ అడిగినాడా?"

"అడిగాడు."

"మరి పదకొండేల్లు నాతో ఎందుకు సెప్పలేదు సారు?"

చంద్రిక నన్ను చూసిన చూపు ఎలాంటిదో చెప్పలేను, దాన్ని తప్పించుకోలేదు కూడా. అప్పలసూరి చెయ్యెత్తి కొడితే బాగుండుననిపించింది. అతను కొట్టలేదు.

"నాకు తెలుసు బాబూ" అంది అసిరమ్మ. గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "నడండి. ఎండెక్కుతంది."

చీపురు ముందుకి చాచి నడిచాను. షెడ్డు మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా గాలి తప్ప ఏమీ లేదు. అక్కడ ఏమీ కనబడకపోవడమే భయమని, పైడయ్య ఈ అడుగు ఉత్త చేతులతో వేశాడని, వెయ్యమన్నది నేనని అప్పుడు తెలిసింది. వెనక అడుగుల చప్పుడయింది. ఎవరో చూడకుండానే తెలిసిపోయింది.

"నెమ్మదిగా సారు" అన్నాడు అప్పలసూరి. "సీపురు ముందు, మనిషి ఎనక."

అడుగు వేశాను. చీపురు అంటుకోలేదు. ఇంకో అడుగు వేశాను.